చిత్తడిలో బాతుల వేటకు కయాక్ – నాలుగో పాఠం: బరువు ఎంత, ఎక్కడ

ఈ వారం దీమపు బొమ్మల (బాతులను రప్పించడానికి నీటిపై తేలవేసే బొమ్మ బాతుల) తాళ్ల గురించి చెప్పవలసి ఉంది. దానిని వాయిదా వేస్తున్నాను. మూడో పాఠంలో కయాక్‌ను (తెడ్డుతో నడిపే ఇరుకైన చిన్న పడవను) గడ్డితో కప్పే పద్ధతి చదివి పని మొదలుపెట్టిన వారిలో పలువురు రాసిన మాట ఒకటే: మాటు బాగా కుదిరింది, పడవే కుదురుగా నిలవడం లేదు. పంపిన ఫోటోలు చూస్తే కారణం వెంటనే తెలిసిపోతుంది. అంచుకు పైన అడుగు దాటి గడ్డి లేవకూడదని రాసిన చోట చాలామంది పీవీసీ గొట్టాలు నిలబెట్టి, మూడడుగుల ఎత్తున నాలుగు వైపులా తెర కట్టారు. టెక్సస్‌లో గాల్వెస్టన్ వైపు తీరంలో ఉదయపు గాలికి ఆ తెర తెరచాప పనే చేస్తుంది. కూర్చున్న మనిషి బరువుకు ఆ ఎత్తు కూడా తోడైతే ముప్ఫై రెండు అంగుళాల వెడల్పున్న పడవ ఒరగడం మొదలుపెట్టాక ఆగదు. ఆ గొట్టాలను ముందుగా విప్పేయండి. గడ్డిని అంచు వెంట వాలుగా, నీటిని తాకేటట్టు పరిస్తే చాలు. బాతు పైనుంచి చూస్తుంది కాబట్టి దాని కంటికి పట్టేది పడవ నీడ, తెడ్డు తళుకు, పైకెత్తిన మన ముఖం, అంతేగానీ తెర ఎత్తు కాదు. దుకాణంలో అమ్మే ప్లాస్టిక్ గడ్డి కంటే ఆ చిత్తడిలోనే చనిపోయి ఎండిన గడ్డిని పాత గోనెకు గుచ్చుకోవడమే నాకు ఇష్టం, అయితే గోనె నీరు తాగుతుందన్న సంగతిని లెక్కలో వేసుకోవాలి. ఆ లెక్కే నేటి పాఠం.

లైసెన్సులు, స్టాంపులు అందరికీ తెలిసినవే కనుక క్లుప్తంగా ముగిస్తాను. టెక్సస్ వేట లైసెన్సు, వలస పక్షుల అనుమతి ఉండాలి, పదహారేళ్లు నిండినవారికి 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు కూడా ఉండాలి. 1991 నుంచి దేశమంతటా నీటి పక్షుల వేటలో సీసపు గుళ్లు నిషిద్ధం. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకుండా అడ్డుపుల్ల ఉండాలి. మన వాళ్లలో కొందరికి తెలియనిది ఒకటి మాత్రం ఉంది. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వీసాలపై ఉన్నవారు తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది, అమల్లో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉంటే మినహాయింపు ఇస్తుంది. స్నేహితుడి తుపాకీ అరువు తీసుకున్నా ఇదే వర్తిస్తుంది కనుక లైసెన్సు చేతికి రాకముందే సాధనకు వెళ్లకండి. సందేహముంటే న్యాయవాదిని అడగండి. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు కొల్లేరులోనో పులికాట్‌లోనో ఈ విద్య ప్రదర్శించాలని ఎవరికైనా తోస్తే, అక్కడ ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని గుర్తుంచుకోవాలి.

ఇక బరువు. కయాక్ లోపలి వైపు అంటించిన చీటీ మీద 350 పౌండ్లని ఉంటుంది, దానిని చూసి "నేను 170, ఇంకా 180 మిగిలింది" అని లెక్క వేసేవారు నన్ను విసిగించినంతగా ఈ విద్యలో మరెవరూ విసిగించలేదు. ఆ అంకె పడవ తేలగల బరువును చెబుతుంది, కుదురుగా నడిచే బరువును కాదు. అంత బరువు ఎక్కితే అంచు నీటికి చేరువై, పక్కనుంచి వెళ్లే మోటారు పడవ అల ఒక్కటి చాలు లోపలికి నీరు రావడానికి. పైగా చీటీ రాసినవారు ఊహించింది కదలకుండా కూర్చున్న మనిషిని. మనం బొమ్మలు విసురుతాం, వంగి పక్షిని ఎత్తుతాం, వెనక్కి తిరుగుతాం. అందుచేత చీటీ మీది అంకెలో మూడింట రెండు వంతులనే మీ హద్దుగా పెట్టుకోండి. 350 పౌండ్ల పడవకు అది దాదాపు 230.

ఇప్పుడు ఒక మనిషిని ఎక్కించి చూద్దాం. మామూలు బట్టలతో 165 పౌండ్లు. ఛాతీ వరకు వచ్చే వేడర్లు (నీరు చొరని, బూట్లతో కలిసిన ప్యాంటు), లోపలి ఉన్ని దుస్తులు, లైఫ్ జాకెట్ కలిపి 18. తేలే సంచిలో తుపాకీ 9, తూటాల పెట్టె ఒకటి 3. పన్నెండు బొమ్మలు, ఒక్కొక్కదానికి కట్టిన నాలుగు ఔన్సుల సీసంతో సహా 15. గడ్డిలో కూర్చోవడానికి పీట 6, నీళ్లు, తిండి, టార్చి 8, గడ్డి కప్పిన గోనె పొడిగా ఉన్నప్పుడు 12, గెడ 4. మొత్తం 240. వేట మొదలుకాకముందే హద్దు దాటిపోయింది. వచ్చేటప్పుడు గోనె తడిసి ఉంటుంది, బొమ్మల తాళ్లకు బురద పట్టి ఉంటుంది, అదృష్టం కలిసివచ్చి రోజు పరిమితి మేరకు ఆరు పెద్ద బాతులు దొరికితే మరో పదిహేను పౌండ్లు చేరతాయి. వెళ్లేటప్పటి బరువును కాదు, తిరిగి వచ్చేటప్పటి బరువును లెక్కించాలి. సాయంత్రపు అలసట, ఎదురుగాలి కూడా ఆ వైపే ఉంటాయి.

ఏమి తగ్గించాలని అడిగితే బొమ్మలనే ముందు తగ్గిస్తాను. ఇరుకైన గుంటల మీద ఎనిమిది బొమ్మలు ధారాళంగా సరిపోతాయి. ముప్ఫై పరచి కూర్చునేవారు తమ ధైర్యం కోసం పరుస్తున్నారని నా అభిప్రాయం. పన్నెండు గేజ్‌కు బదులు ఇరవై గేజ్ తుపాకీ (గేజ్ అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది) వాడితే తూటాల బరువూ తుపాకీ బరువూ కొంత దిగుతాయి. విద్యుత్ మోటారు, బ్యాటరీ పెట్టుకుంటామని రాసినవారికి నా సలహా వద్దనే. బ్యాటరీ బరువు ఒక ఎత్తు, మోటారు బిగించిన క్షణం నుంచి టెక్సస్‌లో ఆ కయాక్‌కు రిజిస్ట్రేషన్ కావడం మరో ఎత్తు, పైగా మోటారు ఆపి పడవ పూర్తిగా నిలిచిన తరువాతే కాల్చాలన్న నియమం కూడా వచ్చి పడుతుంది.

ఉంచే చోటు విషయంలో ఒకే సూత్రం: బరువైనది కిందకు, కుర్చీకి దగ్గరగా. తూటాలు, నీళ్లు కాళ్ల మధ్య నేల మీద ఉండాలి. బొమ్మలు బరువుకన్నా చోటు ఎక్కువ తినేవి కనుక సగం ముందు, సగం వెనుక. అన్నీ వెనక వేస్తే ముందు కొస లేచి, గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది. తుపాకీ ఖాళీగా, సంచిలో, మొన ముందుకు. మాటు చేరి కూర్చున్నాకే తూటా ఎక్కించాలి.

కయాక్‌లో కూర్చునే కాల్చవచ్చునా అన్న ప్రశ్న ప్రతిసారీ వస్తుంది. నేను దిగిపోతాను, పడవను గడ్డిలోకి లాగి, పీట వేసుకుని కూర్చుంటాను. బురద దిగడానికి వీలులేని చోట పడవలోనే ఉండక తప్పకపోతే, కాల్పు ముందు కొసకు ఇటూ అటూ కొద్ది కోణంలోనే ఉండాలి. పక్కకు తిరిగి కాల్చితే తుపాకీ తన్ను భుజం మీదుగా నేరుగా పడవ పక్కకే పోతుంది. కుడిచేతి వారికి ఎడమవైపు తిరగడం సులువు కనుక బొమ్మలు ముందు కొసకు కొంచెం ఎడమగా ఉండేటట్టు పడవను నిలపాలి, గాలి వెనుకనుంచి రావాలి. బాతులు గాలికి ఎదురుగా దిగుతాయి కనుక అవి మీ ముందుకే వస్తాయి.

అనాహువాక్ వన్యప్రాణి శరణాలయంలోగానీ, పోర్ట్ ఆర్థర్ దగ్గరి జె.డి. మర్ఫ్రీ చిత్తడిలోగానీ చీకటిలో బయలుదేరేవారికి తెల్ల దీపం చేతికి అందేటట్టు ఉండాలి, లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాలి. చలిగాలి విరుచుకుపడిన రోజున ఉత్తరపు గాలి తీరపు నీటిని సముద్రంలోకి తోసేస్తుంది. ఉదయం తేలుతూ వెళ్లిన కాలువ మధ్యాహ్నానికి బురదగా మిగులుతుంది. బరువైన పడవను ఆ బురదలో లాగవలసి వచ్చినవారికి పైన వేసిన లెక్క మళ్లీ చెప్పనక్కర లేదు. అడుగు పెట్టేముందు గెడతో లోతు చూడండి, సెప్టెంబరులో టీల్ అనే చిన్న బాతుల వేటలో అయితే మొసళ్లు కూడా ఉంటాయి.

సాధన ఈసారి కష్టమైనదే. తుపాకీ లేకుండా, తోడుగా మరొకరితో, నడుము లోతున్న వెచ్చని నీటికి వెళ్లండి. గ్యాలన్ నీటి డబ్బా దాదాపు ఎనిమిదిన్నర పౌండ్లు తూగుతుంది కనుక మీ సామాను బరువుకు సరిపడా డబ్బాలు నింపి, సామాను ఉండవలసిన చోట్లలోనే వాటిని కట్టండి. నీటి గీత ఎక్కడ పడిందో సుద్దతో గుర్తు పెట్టి, ఆపై పదిహేను పౌండ్లు చేర్చి మళ్లీ గుర్తు పెట్టండి. రెండో గీతకు పైన అంచు ఇంకా అరచేయి వెడల్పు లేకపోతే బరువు తగ్గించాలి. ఆపై డబ్బాలు తీసేసి, వేడర్లకు నడుము బెల్టు బిగించి, కావాలనే పడవను తిరగేసుకుని, తోడు సహాయం లేకుండా తిరిగి ఎక్కండి. వేడర్లలోని నీరు మిమ్మల్ని కిందకు లాగదు, ఎక్కేటప్పుడు మాత్రం బరువవుతుంది. అందుకే ముందు ఛాతీని పడవ మీదకు తెచ్చి, నీరు కారనిచ్చి, ఆ తరువాతే కాళ్లు లాగండి. కుడివైపు మూడుసార్లు, ఎడమవైపు మూడుసార్లు. జనవరి నీటిలో పది నిమిషాల వ్యవధిలోనే వేళ్ల పట్టు సడలిపోతుంది కాబట్టి, తిరిగి ఎక్కడానికి ఒక్కసారి కూడా రెండు నిమిషాలు దాటకూడదు. దాటితే వచ్చే వారం కూడా ఇదే సాధన. దాటనివారికి బొమ్మల తాళ్లు.