పదిహేనేళ్లు నిండిన డీజిల్ ఎస్‌యూవీకి రిజిస్ట్రేషన్ రెన్యువల్: దరఖాస్తు విధానం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 41వ సెక్షన్ ప్రకారం సొంత అవసరాలకు వాడుకునే వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తరువాత బండి కండిషన్ బాగుందని అధికారులు తేలిస్తే ఒక్కోసారి ఐదేళ్ల చొప్పున రెన్యువల్ చేస్తారు. 2010, 2011 ప్రాంతంలో రోడ్డెక్కిన స్కార్పియో, బొలెరో, సుమో, టవేరా వంటి బండ్లకు ఈ గడువు ఇప్పుడే వచ్చిపడింది. వీటిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారిలో చాలామంది ముందు ఫీజు కట్టి, స్లాట్ (తనిఖీకి తేదీ, సమయం) తీసుకుని, బండి సంగతి ఆఖరి రోజున చూసుకుంటారు. ముందు బండిని, తరువాత కాగితాలను చక్కబెట్టుకుని, ఆ పైనే స్లాట్ తీసుకోవాలని నా గట్టి సలహా.

దరఖాస్తు ఫారం 25లో ఉంటుంది. ఆర్సీ గడువు తీరడానికి 60 రోజుల ముందు నుంచి మాత్రమే దీన్ని తీసుకుంటారు కాబట్టి, ఆ రెండు నెలలు మొదలుకాక ముందే బండిని మెకానిక్‌కు చూపించడం మేలు. ఆర్సీ ఇంకా పాత యజమాని పేరుమీదే ఉంటే ముందు ఫారం 29, 30లతో పేరు మార్పించుకోవాలి. అప్పు తీరినా ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు మిగిలిపోయి ఉంటే ఫారం 35 ఇచ్చి తీయించాలి. వేరే రాష్ట్రం నుంచి తెచ్చుకున్న బండి అయితే అక్కడి ఆర్టీఏ ఇచ్చిన ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం), ఇక్కడి జీవితకాల పన్ను లేకుండా పని ముందుకు సాగదు.

ఇక అసలు కష్టమంతా తనిఖీలోనే ఉంటుంది. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ మొదట చాసిస్ నంబరు చూస్తారు. పాత ఎస్‌యూవీల్లో ఈ నంబరు కింది ఇనుప చట్రం మీద చెక్కి ఉంటుంది, ఏళ్ల తరబడి బురద పట్టి తుప్పు పొరలో కలిసిపోతుంది. దాన్ని గుడ్డతో, కాస్త డీజిల్‌తో నానబెట్టి మెల్లగా తుడవాలే తప్ప గ్రైండర్ పెట్టించకూడదు. ఒక్క అంకె అరిగినా నంబరు దిద్దారన్న అనుమానానికి తావిచ్చినట్టవుతుంది, అది తీరడానికి నెలలు పట్టవచ్చు.

స్టీరింగ్ విషయంలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి: చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే ప్లే 30 డిగ్రీలు మించకూడదు. లక్ష కిలోమీటర్లు దాటి, గతుకుల రోడ్ల మీద తిరిగిన బండిలో స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు అరిగి ఈ ప్లే పెరుగుతుంది. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. బ్రేకు తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగితే వెనక చక్రంలో బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ కారుతోందేమో చూడాలి, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ సాగిందా లేదా అన్నది ఏటవాలు రోడ్డు మీద నిలిపి పరీక్షించుకోవాలి.

కరెంటు పనుల్లో తప్పుదారి పట్టించేవి ఎక్కువ. మా బండికి ఒక పక్క హెడ్‌లైట్ మసకగా ఉందని రెండుసార్లు బల్బు మార్చాము, అయినా తనిఖీలో వెనక్కి పంపారు. ఎలక్ట్రీషియన్ వచ్చి బ్యాటరీ కింద బాడీకి బిగించిన ఎర్త్ వైరు బోల్టు విప్పి చూపించాడు. దాని చుట్టూ గోరు మందాన పచ్చని చిలుం పట్టి ఉంది. గరుకు కాగితంతో గీకి, మళ్లీ బిగించగానే రెండు లైట్లూ సమంగా వెలిగాయి, సెల్ఫ్ కూడా ముందుకంటే చురుగ్గా తిరిగింది. కాబట్టి బల్బులు కొనే ముందు ఎర్త్ చూడండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 14 వోల్టులు రావాలి, 13 కూడా దాటకపోతే బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌నో, దాన్ని తిప్పే బెల్టునో అనుమానించాలి. పాత యజమానులు అదనంగా తగిలించిన ఫాగ్ లైట్లు, సంగీతం మోగించే హారన్లు, నల్ల ఫిల్ములు, ముందు వేసిన బుల్ బార్ తీసేయడం తప్పనిసరి.

పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర ఒక తేడా గమనించాలి. బండి పొగకు పరిమితులు పెట్టే భారత్ స్టేజ్ (బీఎస్) ప్రమాణాల్లో బీఎస్-4 నిబంధన హైదరాబాద్‌లో 2010లోనే వచ్చినా దేశమంతటికీ 2017లో గానీ రాలేదు. అందువల్ల ఒకే ఏడాది బండ్లయినా జిల్లాలో కొన్నది బీఎస్-3, నగరంలో కొన్నది బీఎస్-4 కావచ్చు. డీజిల్ పొగ సాంద్రత పరిమితి బీఎస్-3కి 65 హార్ట్రిడ్జ్ యూనిట్లయితే బీఎస్-4కి 50 మాత్రమే. నల్లపొగ వస్తుంటే ముందు ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టాల లీకు, పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు చూపించి, అప్పటికీ తగ్గకపోతేనే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు ఖర్చు పెట్టడం ఉత్తమం.

ఇవన్నీ కుదిరాక రవాణా శాఖ పోర్టల్‌లో దరఖాస్తు నింపి, ఆర్సీ, చెల్లుబాటులో ఉన్న బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, చిరునామా రుజువు జతచేసి స్లాట్ ఎంచుకోవాలి. కారు తరగతి వాహనానికి రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి రూ.5,000. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని రూ.10,000కు పెంచారు. పాత బండ్లపై వేసే గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం. గడువు దాటాక దరఖాస్తు చేస్తే ఆలస్యమైన ప్రతి నెలకూ రూ.500 చొప్పున కట్టాలి. తనిఖీలో లోపాలు చెప్పి తిప్పి పంపితే వాటిని రాయించుకుని, సరిచేయించి, మళ్లీ చూపించవచ్చు. అందుకే స్లాట్‌ను గడువు చివరి వారానికి పెట్టుకోకుండా, రెండోసారి వెళ్లడానికి కనీసం మూడు వారాలు మిగిలేలా ఎంచుకోండి.