కర్రీ కవరుతో మొదలుపెట్టండి: మీ గల్లీలో ప్లాస్టిక్ తగ్గించే ప్రాజెక్టు నడపడం ఎలా?

మా మొదటి కార్యక్రమం ఒక ఆదివారం పొద్దున చెరువు గట్టు మీద జరిగింది. కాలేజీ వాళ్లం చాలామందిమే వచ్చాం. గ్లౌజులు వేసుకున్నాం, గోనె సంచులు నింపాం, వాటిని వరుసగా పేర్చి ఫొటోలు దిగాం. ఆ సంచుల్ని ఎవరు తీసుకెళ్తారన్నది మాత్రం ఎవరమూ మాట్లాడుకోలేదు. మంగళవారం అటువైపు వెళ్తే సంచులు అక్కడే ఉన్నాయి. కుక్కలు చింపేశాయి. సగం చెత్త మళ్లీ గట్టు దిగి నీళ్ల దగ్గరికి చేరింది. చాలా బాధేసింది. మా కష్టం వృథా అయినందుకే కాదు, ఆ చెత్తను రెండోసారి ఎత్తాల్సింది పారిశుధ్య కార్మికులే అని గుర్తొచ్చినందుకు.

ఇంటరో, డిగ్రీయో, బీటెక్కో చదువుతూ ప్లాస్టిక్ విషయంలో ఏదైనా చేయాలని మనసులో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. చెరువుతో మొదలుపెట్టకండి. ఒక గల్లీ, ఒక వస్తువు, ఒక నోటుబుక్కు చాలు. ఇండోనేషియాలోని బాలిలో మెలతి, ఇసబెల్ అనే అక్కాచెల్లెళ్లు 2013లో ‘బై బై ప్లాస్టిక్ బ్యాగ్స్’ మొదలుపెట్టినప్పుడు వాళ్ల వయసు పన్నెండు, పదేళ్లు. వాళ్లు పట్టుకున్నది ఒక్క ప్లాస్టిక్ సంచినే. 2019లో బాలిలో ఆ సంచులపై నిషేధం వచ్చింది. ఒకే వస్తువు మీద అన్నేళ్లు నిలబడ్డారు.

1. గల్లీని ఎంచుకోండి

మీరు రోజూ నడిచే గల్లీ అయితే మంచిది. హైదరాబాద్‌లో అమీర్‌పేట, అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండేవాళ్లయితే వెతకక్కర్లేదు. మీ హాస్టల్ నుంచి బస్టాపు దాకా ఉన్న దారే సరిపోతుంది. ఆ దారిలో రెండు మూడు కర్రీ పాయింట్లు, ఒక టీ కొట్టు, ఒక జిరాక్స్ షాపు, ఒక కిరాణా ఉంటాయి. అక్కడి వాళ్లు మీ ముఖం గుర్తుపడతారు. ఈ పనిలో ముఖపరిచయం కంటే పెద్ద పెట్టుబడి లేదు.

ఐదుగురు చాలు. వాట్సాప్ గ్రూపులో వంద మంది ఉన్నా సాయంత్రం ఏడింటికి కొట్టు ముందు నిలబడేది ఆ ఐదుగురే.

2. ఏడు రోజులు లెక్క రాయండి

ఈ మెట్టు దాటేయాలని అందరికీ అనిపిస్తుంది. దాటేయకండి. లెక్క లేకపోతే రెండు నెలల తర్వాత తగ్గిందో లేదో మీకే తెలియదు.

వరుసగా ఏడు రోజులు, ఆదివారం కలిపి రాయండి. ఆదివారం బిర్యానీ పార్సిళ్లు ఎక్కువ, కర్రీలు తక్కువ, అందుకే ఆ రోజు వదిలేస్తే లెక్క తప్పుతుంది. రెండు చోట్ల లెక్కపెట్టాలి. మొదటిది కర్రీ పాయింట్ ముందు: సాయంత్రం ఒక గంట నిలబడి, ఎంతమంది కొన్నారు, ఒక్కొక్కరు ఎన్ని కవర్లు తీసుకెళ్లారు అని గీతలు గీయండి. పప్పుకొకటి, కూరకొకటి, సాంబారుకొకటి, పెరుగుకొకటి, అన్నీ కలిపి పట్టుకెళ్లడానికి ఇంకొకటి. ఒక్క మనిషి భోజనానికి ఐదు కవర్లు! అలా కొనేవాళ్లు ఒక కొట్టుకు రోజూ వంద మంది వస్తే ఐదు వందల కవర్లు. నెలకు 15,000. ఇది ఉదాహరణ మాత్రమే. మీ గల్లీ లెక్క మీరే తీయాలి, అప్పుడే ఆ అంకె మీద మీకు పట్టు వస్తుంది.

రెండోది హాస్టల్ చెత్త డబ్బా దగ్గర. వార్డెన్‌ను అడిగి, ఒక రోజు పొడిచెత్తను టార్పాలిన్ మీద పరిచి రకాలుగా విడదీయండి. మందపాటి గ్లౌజులు, బూట్లు తప్పనిసరి. శానిటరీ ప్యాడ్లు, సూదులు, పగిలిన గాజు కనిపిస్తే చేత్తో ముట్టుకోకుండా పక్కన పెట్టండి. సీసాల అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది, చూడండి. 1 అంటే పెట్, నీళ్ల సీసాలు. 2 అంటే గట్టి డబ్బాలు, షాంపూ సీసాల వంటివి. 5 అంటే పాలీప్రొపిలీన్, హోటళ్లు ఇచ్చే నల్ల డబ్బాలు చాలావరకు ఇవే. పల్చటి కవర్ల మీద చాలావరకు ఏ అంకే ఉండదు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాషేలు వేరే కుప్ప. వాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిసిపోయి ఉంటాయి.

3. చెత్తబండి వెంట నడవండి

నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఈ మెట్టే. పొద్దున్నే లేచి మీ గల్లీకి వచ్చే స్వచ్ఛ ఆటో అన్నతో మాట్లాడండి. ‘అన్నా, దీంట్లో ఏది అమ్ముడుపోతది, ఏది పోదు?’ అని అడిగితే పుస్తకాల్లో దొరకని పాఠం చెప్తాడు. తర్వాత దగ్గర్లో ఉన్న స్క్రాప్ షాపుకు వెళ్లండి. పాత పేపర్లు కొనే ఆయన్ని అడగండి.

నీళ్ల సీసాలకు రేటు ఉంది. వాటిని ముక్కలు చేసి పాలిస్టర్ దారం తీస్తారు. కడిగి ఆరబెట్టిన పాల కవర్లకూ రేటు ఉంది. నూనె, సాంబారు అంటిన కర్రీ కవరును ఎవరూ కొనరు. పైగా అది ఎంత తేలికంటే, ఒక కిలో కావాలంటే గుట్టలకొద్దీ ఏరాలి. రోజు కూలి కూడా గిట్టని పని కాబట్టి చెత్త ఏరుకునే అక్కలు దాన్ని వదిలేస్తారు. అందులో తప్పేముంది? అలా వదిలేసిన కవరు తడిచెత్తతో కలిసి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దాకా పోతుంది, లేదా గాలికి లేచి నాలాలో పడుతుంది. 2020 అక్టోబరులో మన బస్తీలు మునిగిన రాత్రి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ వరదకు ఒక్క ప్లాస్టిక్కే కారణం కాదు. కుండపోత వాన ఉంది, నాలాల కబ్జాలు ఉన్నాయి. కానీ జాలీకి అడ్డంపడ్డ కవర్ల ముద్ద నీటిని ఎలా ఆపుతుందో జూన్‌లో మొదటి వానకు మీ గల్లీ మూల మీదే చూడొచ్చు.

రీసైకిల్ అయ్యే వస్తువుకు ఇప్పటికే ఒక వ్యవస్థ ఉంది, దాని మీద బతికే మనుషులున్నారు. సీసాలు మీరు ఏరి అమ్మితే వాళ్ల కూలి మీరు తీసుకున్నట్టే. మీ పని ఎవరూ కొనని వస్తువు మీద ఉండాలి. మేం కర్రీ కవరును ఎంచుకున్నది అందుకే.

4. కొట్టు అక్కతో మాట్లాడండి

మేం మొదట ‘ప్లాస్టిక్ వల్ల నష్టాలు’ అని ఒక కాగితం అచ్చేసుకుని వెళ్లాం. కర్రీ పాయింట్ అక్క అది పక్కన పెట్టి ఒకే మాట అంది: ‘డబ్బా తెస్తే ఎందుకియ్యను బిడ్డా? మీలో ఒక్కరన్న తెస్తరా?’ మా దగ్గర జవాబు లేదు. కవర్లు కొనేదీ, కట్టేదీ ఆమె. వాటిని పట్టుకెళ్లేది మేమే కదా.

రద్దీ వేళ వెళ్లకండి. సాయంత్రం నాలుగింటికి, కూరలు దిగుతున్నప్పుడు వెళ్లండి. వాళ్ల ఇబ్బంది వినండి. మాకు మూడు ఇబ్బందులు వినిపించాయి.

ఒకటి, కొలత. కవరులో ఎంత పోయాలో చేతికి అలవాటు. డబ్బా పెద్దదైతే కూర తక్కువగా కనిపించి కొనేవాళ్లు గొడవపడతారు. దీనికి మార్గం గరిటె లెక్క. ‘ఒక కూర అంటే ఇన్ని గరిటెలు’ అని అట్ట మీద రాసి కౌంటరు ముందు పెట్టించండి. తెలుగులో, హిందీలో, ఉర్దూలో రాయించండి.

రెండు, టైము. కవర్లు ముందే కట్టి ఉంచితే చేతికిచ్చి పంపేయొచ్చు, డబ్బాలో అప్పటికప్పుడు పోయాలి. ఇది నిజమైన ఇబ్బందే. డబ్బాలు తెచ్చేవాళ్లు ఏడున్నర లోపు, అంటే రద్దీకి ముందే వచ్చేలా మీ హాస్టల్లో మాట్లాడుకోండి.

మూడు, ఖర్చు. కవరు, రబ్బరు బ్యాండు మిగిలితే ఆమెకు లాభమే. అందులోంచి డబ్బా తెచ్చినవాళ్లకు రూపాయో రెండో తగ్గించమని అడగండి. ఒప్పుకోకపోతే ఇంకో గరిటె సాంబారు అడగండి. మా అనుభవంలో రూపాయి కంటే సాంబారే బాగా పనిచేసింది.

5. డబ్బాలు సమకూర్చండి

చాలామంది హాస్టల్ పిల్లల దగ్గర డబ్బానే ఉండదు. కొత్తవి కొనకండి. మన ఇళ్లలో అటక మీద ఏముంటాయో ఆలోచించండి. గృహప్రవేశానికో, పెళ్లికో ఎవరో ఇచ్చిన, పేర్లు చెక్కించిన స్టీలు డబ్బాలు ఎన్నేళ్ల నుంచో అలాగే ఉంటాయి. పండక్కి ఊరెళ్లినప్పుడు ఒక్కొక్కరు రెండేసి పట్టుకొస్తే మీ డబ్బాల బ్యాంకు తయారు. మాకు వచ్చిన ఒక టిఫిన్ బాక్సు మీద మా స్నేహితురాలి నానమ్మ పేరుంది. దాన్ని ఎవరూ పోగొట్టలేదు.

ఒక డబ్బాకు వంద రూపాయల డిపాజిట్ పెట్టండి. నంబరు వేసి, ఎవరి దగ్గరుందో నోటుబుక్కులో రాయండి. డబ్బా వెనక్కి ఇస్తే డబ్బు వెనక్కి. మూత గట్టిగా పట్టేవే తీసుకోండి, సాంబారు ఒకసారి బ్యాగులో ఒలికితే ఆ మనిషి మళ్లీ డబ్బా ముట్టడు. సిద్దిపేట ప్రాంతంలో ఊళ్లలో స్టీల్ బ్యాంకులు పెట్టి శుభకార్యాలకు ప్లేట్లు, గ్లాసులు ఇచ్చే పద్ధతి నడిచింది. మీరు చేసేది అదే, గల్లీ సైజులో. తర్వాత వినాయక మండపం అన్నదానానికి కూడా ఇదే బ్యాంకు పనికొస్తుంది.

6. రూలు తెలుసుకోండి, పోలీసు పని చేయకండి

చేతిపట్టు ఉన్న క్యారీ బ్యాగులు 120 మైక్రాన్లకు, అంటే 0.12 మిల్లీమీటర్లకు తగ్గకూడదని దేశమంతటా 2022 డిసెంబరు 31 నుంచి రూలు ఉంది. ప్లాస్టిక్ స్పూన్లు, స్ట్రాలు, ప్లేట్లు, గ్లాసులు, స్వీటు డబ్బాల చుట్టూ చుట్టే పల్చటి పొర వంటివి 2022 జులై 1 నుంచి నిషేధం. అయితే రూలులో క్యారీ బ్యాగు అంటే పట్టుకోవడానికి వీలున్న సంచి అని ఉంది. కర్రీ కట్టే చిన్న కవరుకు పట్టు ఉండదు. కాబట్టి కొట్టు ముందు చట్టం చదివి వాదించకండి. చిన్న వ్యాపారిని బెదిరిస్తే ఆ గల్లీలో మీ పని అక్కడితో ఆగిపోతుంది.

‘బదులు’ అని వచ్చే వస్తువులతో జాగ్రత్తగా ఉండండి. బట్టలా కనిపించే రంగురంగుల నాన్‌వోవెన్ సంచి బట్ట కాదు, అది పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టికే. పేపరు కప్పు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు అందులో ఉంటే సుమారు 25,000 ప్లాస్టిక్ రేణువులు కలుస్తాయని ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు చూపించారు. మన ఇరానీ హోటళ్లలో పింగాణీ కప్పు ఉండగా టీకి పేపరు కప్పు ఎందుకు?

మీ కార్యక్రమానికి ఫ్లెక్సీ కొట్టించకండి. 100 మైక్రాన్లలోపు ఫ్లెక్సీలు కూడా ఆ నిషేధం జాబితాలోనే ఉన్నాయి. పాత చీర మీద పెయింటుతో రాయండి.

7. పరీక్షలకు ముందే పని అప్పజెప్పండి

ఇలాంటి ప్రాజెక్టులు ఎక్కువగా ఆగిపోయేది సెమిస్టర్ పరీక్షల దగ్గరే. ఇంట్లో టెన్షన్, రికార్డులు, ఇంటర్నల్స్. ఎవరినీ తప్పుపట్టలేం. మొదటి నెల నుంచే ఇద్దరు జూనియర్లను వెంట తిప్పుకోండి. కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ ఉంటే ప్రోగ్రాం ఆఫీసర్‌తో మాట్లాడండి. వాలంటీర్లు ఏడాదికి 120 గంటల సేవ చేయాలి, డబ్బాల బ్యాంకు నడపడం, లెక్క రాయడం అందులో చూపించమని అడగండి. అలా కుదిరితే జూనియర్లు ప్రతి ఏడాదీ వస్తూనే ఉంటారు.

డబ్బు లెక్క, ఎంత చిన్నదైనా, ప్రతి ఆదివారం గ్రూపులో పెట్టండి. డిపాజిట్ల డబ్బు ముట్టుకోవద్దు.

8. మళ్లీ లెక్కపెట్టండి

రెండు నెలల తర్వాత అదే కొట్టు, అదే గంట, వరుసగా ఏడు రోజులు. పండగ సెలవుల వారం కాకుండా చూసుకోండి, హాస్టళ్లు ఖాళీగా ఉంటే కవర్లు వాటంతటవే తగ్గుతాయి. తగ్గితే ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి కర్రీ పాయింట్ అక్కకు ముందు చూపించండి, తర్వాతే ఇన్‌స్టాలో పెట్టండి. తగ్గకపోతే అది కూడా రాయండి. డబ్బా తేవడం మానేసినవాళ్లను కూర్చోబెట్టి ఎందుకు మానేశారో అడగండి. మా దగ్గర చాలామంది చెప్పిన కారణం రాత్రి డబ్బా కడగడానికి హాస్టల్లో నీళ్లు రాకపోవడం. అది తెలిశాక మేం వెళ్లింది కొట్టు దగ్గరికి కాదు, వార్డెన్ దగ్గరికి. రాత్రి తొమ్మిదిన్నర దాకా ఒక కుళాయి, ఒక సబ్బు, ఒక పీచు ఉంచమని అడిగాం. ఆయన రెండో రోజే పెట్టించారు.