హ్యాండీక్యామ్ క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించడం

బీరువాలోంచి తీసిన క్యాసెట్‌ ఏ రకమో ముందు తేల్చుకోవాలి. కొనాల్సిన సామానంతా దాన్ని బట్టే. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉంటే మినీ డీవీ. 1995లో మొదలైన ఈ రకం టేపు మీద ఉండేది డిజిటల్ డేటా. పాటల క్యాసెట్ సైజులో ఉండి వీడియో8 అనో హై8 అనో రాసి ఉంటే సాధారణంగా ఎనలాగ్. కానీ 1999 నుంచి సోనీ అమ్మిన డిజిటల్8 కెమెరాలు కూడా ఇవే క్యాసెట్ల మీద డిజిటల్‌గా రాసేవి. అందుకని వీటి విషయంలో క్యాసెట్ మీద రాసి ఉన్నది చాలదు, ఏ కెమెరాతో తీశారో తెలియాలి. చిన్న వీహెచ్‌ఎస్-సి క్యాసెట్ అయితే అడాప్టర్‌లో పెట్టి మామూలు వీసీఆర్‌లో ఆడించొచ్చు. చాలా అడాప్టర్లకు ఒక పెన్సిల్ సెల్ కావాలి, అది లేక పని చెయ్యకపోతే అడాప్టర్ పాడైందనుకుంటారు. 8 ఎంఎం టేపులకు మాత్రం అలాంటి అడాప్టర్ అసలు లేదు. వాటిని ఆడించే కెమెరానో డెక్కో ఉండాల్సిందే.

డిజిటల్ టేపును రికార్డ్ చెయ్యకూడదు, కాపీ చెయ్యాలి. కెమెరాకు పసుపు-ఎరుపు-తెలుపు వైరు గుచ్చి, చవక యూఎస్‌బీ డాంగిల్‌తో (ఆ వైర్ల సిగ్నల్‌ను కంప్యూటర్ కోసం డిజిటల్‌గా మార్చే చిన్న పరికరం) లాగితే డిజిటల్ బొమ్మ ఎనలాగ్ అయి, మళ్ళీ డిజిటల్ అయి, పైగా నలిగి వస్తుంది. రంగులు అంచులు దాటి పారతాయి. ఫైర్‌వైర్ (కెమెరాను కంప్యూటర్‌కు నేరుగా కలిపే డిజిటల్ పోర్టు, సోనీ కెమెరాల మీద ఐలింక్ అని ఉంటుంది) ద్వారా తీస్తే టేపు మీదున్న డేటా ఉన్నదున్నట్టు ఫైలుగా దిగుతుంది. కెమెరాకు యూఎస్‌బీ కూడా ఉంది కదా అని మురిసిపోవద్దు, చాలా మోడళ్ళలో అది మెమరీ కార్డు ఫోటోలకు మాత్రమే. ఒక కొన యూఎస్‌బీ, ఇంకో కొన ఫైర్‌వైర్‌గా ఆన్‌లైన్లో అమ్మే కేబుల్ కొనకండి. లోపల సర్క్యూట్ ఏమీ ఉండదు, ప్లగ్గు ఆకారమే మారుతుంది.

దుకాణానికి ఇచ్చేట్టయితే రెండే ప్రశ్నలు అడగండి: ఫైర్‌వైర్‌తోనే తీస్తారా? గంట టేపుకు 13 జీబీ దాకా వచ్చే డీవీ ఫైలు ఇస్తారా? "డీవీడీ చేసిస్తాం సార్" అంటే వద్దని చెప్పి వచ్చేయండి.

ఇంట్లోనే చేసుకోవాలంటే తేలికైన దారి, ఫైర్‌వైర్ పోర్టు ఉన్న పాత ల్యాప్‌టాప్. హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఓపిగ్గా వెతికితే తగలొచ్చు. డెస్క్‌టాప్ ఉంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఫైర్‌వైర్ కార్డు వేసుకోవచ్చు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీలో (కంప్యూటర్ సామాన్ల బజారు) అడిగి చూడండి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్నదైతే పేచీలు తక్కువ. కేబుల్ ఒక పక్క 6 పిన్నులు (కార్డు వైపు), మరో పక్క 4 పిన్నులు (కెమెరా వైపు) ఉన్నది కావాలి. విండోస్ 8 నుంచి పాత ఫైర్‌వైర్ డ్రైవర్ తీసేశారు. కార్డు కనిపిస్తున్నా కెమెరా కనిపించకపోవడానికి తరచూ అదే కారణం. మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చిన ఆ లెగసీ డ్రైవర్ వేసి, డివైస్ మేనేజర్‌లో "లెగసీ" అని ఉన్న 1394 (ఫైర్‌వైర్‌కు మరో పేరు) కంట్రోలర్‌ను ఎంచుకోండి. మ్యాక్ ఉన్నవాళ్ళు 2025లో వచ్చిన మ్యాక్ఓఎస్ టహోకు మారకముందే ఈ పని ముగించాలి, అందులో ఫైర్‌వైర్ పూర్తిగా పోయింది. లైనక్స్‌లో డీవీగ్రాబ్ అనే ఉచిత ప్రోగ్రామ్ సరిపోతుంది.

ఇక టేపు సంగతి. మన ఊళ్ళో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గాలిలో ఉండే చెమ్మకు మూసిన బీరువాలో బూజు పడుతుంది. క్యాసెట్ కిటికీలోంచి టార్చ్ వేసి చుట్ట అంచుల్ని చూడండి. తెల్లటి పొడిలాగానో సాలెగూడు పోగుల్లాగానో కనిపిస్తే దాన్ని కెమెరాలో పెట్టొద్దు. బూజు హెడ్డుకు (టేపును చదివే భాగానికి) అంటుకుని తర్వాత పెట్టే మంచి టేపులకూ పాకుతుంది. వాటిని వేరే డబ్బాలో పెట్టి, టేపులు శుభ్రం చేసేవాళ్ళకు ఇవ్వండి. మిగతావాటికి రాయకుండా ఆపే మీట జరపండి (మినీ డీవీలో "సేవ్" వైపు), ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్ళీ మొదటికి చుట్టండి. ఏళ్ళ తరబడి ఒకే తీరుగా ఉన్న చుట్ట బిగువు దీంతో సమం అవుతుంది. ఏసీ గదిలోంచి తెచ్చిన కెమెరా మీద చెమ్మ గుర్తు వెలిగి, ఏ బటన్ నొక్కినా కదలకపోతే గంటసేపు అలా వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు.

కెమెరాను బ్యాటరీ మీద కాకుండా అడాప్టర్ మీద నడపండి. ఫైర్‌వైర్ కేబుల్‌ను కెమెరా ఆపి ఉన్నప్పుడే గుచ్చాలి. నడుస్తుండగా గుచ్చి పోర్టు కాల్చుకున్నవాళ్ళు తక్కువేం కాదు, ఆ పోర్టు పోతే కెమెరా ఉన్నా లేనట్టే. తర్వాత కెమెరాను వీసీఆర్ మోడ్‌లో పెట్టి, విండీవీ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిచి, టైప్-2 ఏవీఐ ఎంచుకుని క్యాప్చర్ నొక్కండి. గంట టేపుకు గంట పడుతుంది, తొందరపెట్టే ఉపాయం లేదు. ఫైలు వెళ్ళే డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లో ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటనివ్వదు, ఇరవై నిమిషాల దగ్గర ఆగిపోతుంది.

తెర మీద గళ్ళు గళ్ళుగా వస్తే వెంటనే టేపును తిట్టకండి. వెనక్కి తిప్పి మళ్ళీ ఆడించండి. ప్రతిసారీ అదే చోట వస్తే టేపు దెబ్బతింది. చోటు మారుతుంటే హెడ్డు మురికి. బొమ్మంతా అడ్డపట్టీలుగా, ఒక పట్టీ సరిగా ఒక పట్టీ చెడిగా ఉంటే రెండు హెడ్డుల్లో ఒకటి మూసుకుపోయింది. పొడి క్లీనింగ్ క్యాసెట్‌ను పది సెకన్లు ఆడించండి, అంతకుమించి వద్దు, అది గరుకు టేపు, హెడ్డును అరగదీస్తుంది. చెవిలో పెట్టుకునే దూది పుల్లతో వీడియో హెడ్డును తుడవడం మాత్రం ఎప్పుడూ వద్దు, దూది పోగు చిక్కితే హెడ్డు విరుగుతుంది. గంట టేపులో తొంభై నిమిషాలు పట్టాలని ఎల్‌పీ మోడ్‌లో (టేపును నెమ్మదిగా నడిపే పద్ధతి) తీసినవి తీసిన కెమెరాలో తప్ప వేరేదాంట్లో సరిగా ఆడకపోవచ్చు. పెళ్ళి వీడియోగ్రాఫర్ల దగ్గర్నుంచి వచ్చిన టేపుల్లో కొన్ని డీవీక్యామ్‌లో (సోనీ వృత్తిదారుల కోసం చేసిన రకం) ఉంటాయి. మామూలు మినీ డీవీ కెమెరాల్లో కొన్ని దాన్ని చదవలేవు.

ఎనలాగ్ టేపులకు డాంగిల్ తప్పదు. ఎస్-వీడియో (వెలుగును, రంగును విడివిడిగా పంపే గుండ్రటి సాకెట్) ఉంటే పసుపు వైరు బదులు అదే వాడండి. హై8 దాని లాభం బాగా చూపిస్తుంది. కేబుళ్ళు కోఠి గుజరాతీ గల్లీలో చూడండి. సాఫ్ట్‌వేర్‌లో పాల్ (మన దేశపు వీడియో పద్ధతి) ఎంచుకోండి. ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) మీద ఉంటే బొమ్మ నలుపు-తెలుపులో వస్తుంది, లేదా దొర్లుతుంటుంది. అమెరికాలో ఉన్న అమ్మాయో అబ్బాయో అక్కడ తీసి పంపిన క్యాసెట్లు మన ఇళ్ళల్లో చాలానే ఉంటాయి కదా, వాటికి ఎన్‌టీఎస్‌సీ పెట్టాలి. ఎనలాగ్ హై8 టేపులను ఆడించగల డిజిటల్8 కెమెరా దొరికితే డాంగిల్ మాట మర్చిపోవచ్చు. అది టేపును లోపలే డీవీగా మార్చి ఫైర్‌వైర్‌లో పంపుతుంది. అన్ని డిజిటల్8 మోడళ్ళకూ ఈ గుణం లేదు, కొనేముందు ఒక పాత టేపు వెంట తీసుకెళ్ళి ఆడించి చూడండి.

దిగిన డీవీ ఫైలును ముట్టుకోకుండా రెండు వేర్వేరు డిస్కుల్లో పెట్టండి. ఇంట్లోవాళ్ళకు వాట్సాప్‌లో, టీవీలో చూపించడానికి దాని నుంచి వేరే కాపీ చెయ్యాలి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో హెచ్.264, క్వాలిటీ 18, డీఇంటర్లేస్‌లో యాడిఫ్-బాబ్ పెడితే కదలికల దగ్గర దువ్వెన గీతలు పోయి పాల్ టేపు సెకనుకు 50 ఫ్రేములతో నున్నగా నడుస్తుంది. నిష్పత్తి 4:3 గానే ఉంచండి. టీవీ నిండాలని సాగదీస్తే తాతయ్యలు గుండ్రంగా తయారవుతారు.

కెమెరాను తిరిగి సర్దేముందు క్యాసెట్ బయటికి తీయండి. లోపలే ఉండిపోతే టేపు డ్రమ్ము (హెడ్డులు బిగించిన గుండ్రటి భాగం) చుట్టూ చుట్టుకునే ఉండొచ్చు, వచ్చే వానాకాలానికి అక్కడే అతుక్కోవచ్చు.