చువ్వల రిఫ్లెక్టర్లు: ఉంచాలా, పీకేయాలా?

కొత్త సైకిల్ ఇంటికి రాగానే చాలామంది ముందు పీకేసేది చువ్వల మధ్య ఉండే పసుపు రిఫ్లెక్టర్లనే. రాత్రిపూటో తెల్లవారుజామునో రోడ్డెక్కే సైకిలైతే ఆ పని చేయకండి.

సందులోంచి వచ్చి మెయిన్ రోడ్డు దాటుతున్నప్పుడు మీ ముందు లైటు గానీ వెనక ఎర్ర రిఫ్లెక్టరు గానీ పక్కనుంచి వచ్చే డ్రైవరుకు సరిగా కనపడవు. గుండ్రంగా తిరిగే పసుపు మెరుపు కనపడితే అది సైకిలని ఇట్టే తెలిసిపోతుంది. అయితే హెడ్‌లైటు వెలుగు పడితేనే ఆ మెరుపు. లైటు లేని బండికీ, వెనక నుంచి వచ్చే లారీకీ వీటివల్ల మీరు కనపడరు. కాబట్టి వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు తప్పనిసరిగా ఉండాలి.

స్టాండు వేసి వెనక చక్రాన్ని జోరుగా తిప్పితే సైకిల్ అదురుతుంది. రిఫ్లెక్టరు బరువు ఒకవైపే ఉండటమే కారణం. 15–20 కి.మీ. వేగంలో అది తెలియదు. అయినా ఇబ్బందిగా ఉంటే తీసేయకుండా సరిగ్గా ఎదురుగా రెండోది బిగించండి. జర్మనీలో చువ్వల రిఫ్లెక్టర్లు వాడితే చక్రానికి కనీసం రెండేసి ఉండాలన్నది నిబంధనే.

బిగించేటప్పుడు రిమ్ముకు దగ్గరగా పెట్టాలి. అమెరికా నిబంధన ప్రకారం రిఫ్లెక్టరు మధ్యభాగం రిమ్ము లోపలి అంచు నుంచి 76 మి.మీ. లోపే ఉండాలి. హబ్బు దగ్గరికి జారితే మెరుపు తిరిగే వలయం చిన్నదైపోతుంది. స్క్రూ బిగించాక చక్రాన్ని చేత్తో మెల్లగా ఒక చుట్టు తిప్పి ఫోర్కుకు, బ్రేకు కట్టలకు తగలడం లేదని చూసుకోండి. రాడ్ బ్రేకుల సైకిళ్లలో కట్టలు రిమ్ము లోపలివైపే ఉంటాయి కాబట్టి అక్కడ మరింత జాగ్రత్త. స్క్రూను మరీ బిగిస్తే ప్లాస్టిక్ చిట్లుతుంది, వదులైతే టకటకమంటుంది.

చిట్లినదాన్ని మాత్రం మార్చాల్సిందే. లోపలి చిన్న చిన్న పట్టకాల వెనక గాలి ఉంటేనే వెలుగు వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది. పగులులోంచి నీళ్లు చేరితే అక్కడ మెరుపు పోతుంది. పరీక్ష తేలికే: చీకట్లో పది అడుగులు వెనక్కి జరిగి, టార్చిని కణత పక్కన పట్టుకుని వెయ్యండి. మొత్తం భగ్గున మెరవాలి. మురికి పట్టి ఉంటే సబ్బునీళ్లతో తుడవండి. పెట్రోలు, థిన్నరు వాడితే ప్లాస్టిక్ మసకబారుతుంది.

తీసేయక తప్పదనుకుంటే బదులుగా మరొకటి ఉండాలి. పక్కగోడల మీద మెరిసే పట్టీ ఉన్న టైర్లు అన్నిటికన్నా మేలు, ఎందుకంటే పూర్తి వలయం కనపడుతుంది. చువ్వలకు తొడిగే మెరిసే గొట్టాలూ మంచివే, కానీ నాలుగైదింటికి సరిపెట్టకుండా అన్ని చువ్వలకూ తొడగాలి. రిమ్ముకు మెరిసే టేపు అంటించేవాళ్లు బ్రేకు కట్ట రాసుకునే చోటు వదిలేయండి. అక్కడ అంటిస్తే టేపు లేచిపోవడమే కాదు, బ్రేకు కూడా జారుతుంది.