చంద్రపూర్ ఎండల్లో గ్రాఫిక్స్ కార్డ్ ఓవర్‌క్లాకింగ్: వోల్టేజ్ జోలికి ఆఖర్న వెళ్లండి

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, సిరొంచ వైపు మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటడం మామూలే. డిసెంబరు రాత్రి చక్కగా నిలబడిన ఓవర్‌క్లాక్ (కార్డ్‌ను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువకు పరిగెత్తించడం) అప్పుడు ఆట మధ్యలో కూలబడుతుంది. గది వేడి 10 డిగ్రీలు పెరిగితే, ఫ్యాన్ వేగం మారకుంటే, కార్డ్ వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. సెకండ్ హ్యాండ్‌లో దొరికే ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డ్ జీటీఎక్స్ 1060ని ఉదాహరణగా తీసుకుందాం.

ముందు దుమ్ము సంగతి. బొగ్గు నుసికి గదిలోని ఎయిర్ కూలర్ తేమ తోడైతే హీట్‌సింక్ రేకుల మధ్య నల్లటి ముద్దలా గడ్డకడుతుంది, ఊదితే రాదు. పొడి పెయింట్ బ్రష్‌తో రేకుల వెంబడి గీకి, ఆ తర్వాతే బ్లోవర్ పెట్టండి. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఎండిపోయిన థర్మల్ పేస్ట్ మార్చండి. ఎయిర్ కూలర్ గాలి నేరుగా క్యాబినెట్‌కు కొట్టేలా మాత్రం పెట్టొద్దు.

ఇక కార్డ్ వేగం, వోల్టేజ్ మార్చే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్ తెరిచి పవర్ లిమిట్, టెంపరేచర్ లిమిట్ రెండూ పైకి జరపండి. ఈ కార్డ్ వాడకం 120 వాట్లు. మదర్‌బోర్డు స్లాట్ నుంచి 75, 6 పిన్ల తీగ నుంచి 75, మొత్తం 150 వరకే లెక్క. కోర్ క్లాక్‌ను, అంటే చిప్ వేగాన్ని, 25 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ కార్డ్‌ను పరీక్షించే హెవెన్ బెంచ్‌మార్క్ ప్రోగ్రామ్ 10 నిమిషాలు తిప్పండి. చాలా కార్డులు +100, +150 మధ్య ఆగిపోతాయి. డ్రైవర్ రీసెట్ అయి తెర ఒక్క క్షణం నల్లబడితే 25 వెనక్కి రండి. కోర్ తేలాకే మెమరీ ముట్టుకోండి, 50 చొప్పున. తెరపై రంగుల చుక్కలు, గళ్లు మెరిస్తే మెమరీ ఎక్కువైనట్టు. రెండూ ఒకేసారి పెంచితే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తేలదు.

వోల్టేజ్ స్లైడర్‌ను 100 శాతానికి జరిపినా ఈ కార్డ్ 1.093 వోల్టులు దాటదు. 1.062 నుంచి అక్కడికి పెంపు 3 శాతమే, కానీ వేడి వోల్టేజ్ వర్గాన్ని (స్క్వేర్‌ను) బట్టి పెరుగుతుంది కాబట్టి అది దాదాపు 6 శాతం. వేడెక్కేకొద్దీ కార్డ్ తనంతట తానే 13 మెగాహెర్ట్జ్ చొప్పున వేగం తగ్గించుకుంటుంది. అంటే ఎండాకాలంలో వోల్టేజ్ పెంచి సంపాదించింది అక్కడే పోతుంది. కార్డ్ వివరాలు చూపే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో పర్ఫ్‌క్యాప్ రీజన్ (వేగం ఎందుకు ఆగిందో చెప్పే వరుస) చూడండి: పవర్ అనో థర్మల్ అనో చూపిస్తుంటే వోల్టేజ్ దండగ.

మా సలహా, వేసవికి వోల్టేజ్ తగ్గించడమే మేలు. ఆఫ్టర్‌బర్నర్‌లో కోర్ క్లాక్‌ను -200కి దించి, కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి, వచ్చిన వోల్టేజ్-వేగం గీతలో 0.950 వోల్టుల చుక్కను 1850 మెగాహెర్ట్జ్‌కు లేపి అప్లై చేయండి. నిలబడకపోతే 1825 చాలు. పరీక్ష మధ్యాహ్నం 2, 4 గంటల మధ్యే చేయండి. చలికాలం సెట్టింగ్ ప్రొఫైల్ 1లో, ఇది 2లో సేవ్ చేసుకోండి. వారం రోజులు క్రాష్ లేకుండా గడిచాకే స్టార్టప్‌లో అప్లై అయ్యే బటన్ నొక్కండి.