టెక్సాస్‌లో ఉద్యోగం పోయిందా? నిరుద్యోగ భృతికి ఈ వారమే అప్లై చేయండి

"ముందు ఇంటర్వ్యూల సంగతి చూసుకుందాం, భృతి తర్వాత" అని రెండు వారాలు ఆగారంటే ఆ రెండు వారాల డబ్బూ పోయినట్టే. టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్, అంటే అందరూ టీడబ్ల్యూసీ అనే ఆఫీసు, మీ క్లెయిమ్‌ని ఉద్యోగం పోయిన తేదీ నుంచి లెక్కించదు. మీరు అప్లై చేసిన వారపు ఆదివారం నుంచి లెక్కిస్తుంది. శనివారం రాత్రి సబ్మిట్ చేసినా ఆ వారం దక్కుతుంది. తెల్లారి ఆదివారం చేస్తే పోతుంది. ఈ డబ్బు కంపెనీలు కట్టిన పన్నులోంచి వచ్చేదే, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ముందు మీ వీసా చూసుకోండి. ఏ ఉద్యోగం వచ్చినా వెంటనే చేరగలిగేవాళ్లకే భృతి. సిటిజన్లు, గ్రీన్‌కార్డు, హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్తకి ఇచ్చే పని అనుమతి కార్డు), ఐ-485 అనే గ్రీన్‌కార్డు దరఖాస్తు మీద వచ్చిన ఈఏడీ ఉన్నవాళ్లకి ఇబ్బంది లేదు. కంపెనీ స్పాన్సర్ చేసే హెచ్-1బీ వీసా వాళ్లకి ఉద్యోగం పోయాక ఉండే 60 రోజుల గడువు దేశంలో ఉండటానికే గానీ ఎక్కడపడితే అక్కడ పనిచేయడానికి కాదు కాబట్టి మామూలుగా రాదు. అర్హత ఉండి కూడా 'రేపు గ్రీన్‌కార్డుకి అడ్డొస్తుందేమో' అని వదిలేసుకునేవాళ్లున్నారు. నిరుద్యోగ భృతిని పబ్లిక్ ఛార్జ్ కింద, అంటే ప్రభుత్వ సాయం మీద ఆధారపడి బతకడం కింద, లెక్కించరు.

ఎంత వస్తుందో మీరే లెక్కేసుకోవచ్చు. పూర్తయిన చివరి ఐదు క్వార్టర్లలో (క్వార్టర్ అంటే మూడు నెలలు) మొదటి నాలుగూ తీసుకుంటారు. 2025 మేలో అప్లై చేస్తే 2024 జనవరి నుంచి డిసెంబరు దాకా అన్నమాట. ఆ నాలుగింట్లో ఎక్కువ జీతం వచ్చిన క్వార్టర్‌ని 25తో భాగిస్తే వారం భృతి. ఆ క్వార్టర్లో 12,000 డాలర్లు వస్తే వారానికి 480. దీనికి గరిష్ఠ పరిమితి ఉంది, ఐటీ జీతాలవాళ్లు చాలామంది అక్కడే ఆగిపోతారు. కనీసం రెండు క్వార్టర్లలో జీతం ఉండాలి, మొత్తం జీతం వారం భృతికి 37 రెట్లు ఉండాలి. మొత్తం మీద చేతికొచ్చేది 26 వారాల భృతి, నాలుగు క్వార్టర్ల జీతంలో 27 శాతం, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది. పై ఉదాహరణలో ఏడాది జీతం 40,000 అయితే 10,800 డాలర్లు, అంటే ఇరవై రెండున్నర వారాలు.

మనవాళ్ల క్లెయిములు ఎక్కువగా చిక్కుకునేది అప్లికేషన్లో 'చివరి యజమాని' అన్న గడి దగ్గర. కన్సల్టెన్సీ ద్వారా పనిచేసినవాళ్లు రోజూ వెళ్లిన క్లయింట్ పేరు రాసేస్తారు. నోటీసు ఆ క్లయింట్‌కి వెళ్తుంది, వాళ్లేమో 'ఈ మనిషి మా ఉద్యోగి కాదు' అంటారు, క్లెయిమ్ అక్కడే ఆగిపోతుంది. డబ్ల్యూ-2లో (కంపెనీ ఏటా ఇచ్చే జీతం ఫారం), పే స్టబ్‌లో ఉన్న కంపెనీ పేరూ అడ్రసూ అక్షరం పొల్లుపోకుండా దించండి. 1099 మీద, అంటే ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టర్‌గా, చేసిన పనికి ఎవరూ నిరుద్యోగ భృతి పన్ను కట్టి ఉండరు కాబట్టి ఆ సంపాదన లెక్కలోకి రాదు.

మానేసిన కారణం కూడా జరిగింది జరిగినట్టే రాయండి. పని లేక తీసేస్తే 'లే-ఆఫ్'. "రాజీనామా ఇవ్వు, లేకపోతే తీసేస్తాం" అని ఇప్పించుకుంటే ఉత్త 'రాజీనామా' అని టిక్ పెట్టి ఊరుకోకుండా ఆ మాటే వివరంగా రాయండి. సెవరెన్స్ (ఉద్యోగం తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు) వస్తే దాచొద్దు. సర్వీసు ఏళ్లని బట్టి ఇచ్చింది భృతిని వెనక్కి నెడుతుంది. కేసు వేయనని సంతకం పెట్టించుకుని ఇచ్చింది అలా నెట్టదు. అందుకే ఆ అగ్రిమెంటు కాపీ దగ్గర ఉంచుకోండి.

అప్లై చేసినంత మాత్రాన డబ్బు దానంతటది రాదు. మూడు పని దినాల్లో వర్క్‌ఇన్‌టెక్సాస్ అనే ఉద్యోగాల సైట్‌లో రిజిస్టర్ అవ్వాలి, రెండు వారాలకోసారి పేమెంట్ రిక్వెస్ట్ పెట్టాలి. అర్హత ఉన్న మొదటి వారం డబ్బు వెంటనే ఇవ్వరు, కంగారుపడొద్దు. ఉద్యోగ ప్రయత్నాలు వారానికి మామూలుగా మూడు, కౌంటీని బట్టి మారొచ్చు. తేదీ, కంపెనీ, పోస్టు, ఫలితం ఏ రోజుకారోజు రాసిపెట్టుకోండి, ఎప్పుడైనా అడుగుతారు. చిన్నా చితకా పని చేస్తే, డబ్బు చేతికొచ్చిన వారంలో కాదు, పనిచేసిన వారంలోనే చూపించాలి. వారం భృతిలో 25 శాతం దాకా కోత ఉండదు. 480 వచ్చేవాళ్లు 200 సంపాదిస్తే 120 మినహాయించి మిగతా 80 తగ్గించి 400 ఇస్తారు. అమ్మానాన్నల్ని చూడటానికి ఇండియా వెళ్తే ఆ వారాలకి క్లెయిమ్ పెట్టొద్దు. దాస్తే ఫ్రాడ్ కింద లెక్క, తీసుకున్నది జరిమానాతో సహా కట్టాల్సి వస్తుంది.

భృతికి ఫెడరల్ ట్యాక్స్ ఉంటుంది. 10 శాతం ముందే పట్టుకోమని చెప్పండి, లేకపోతే జనవరిలో, తీసుకున్న భృతి మొత్తం చూపించే 1099-జీ ఫారం వచ్చాక ఒకేసారి భారమవుతుంది.

కాదని ఉత్తరం వస్తే అప్పీలుకి 14 రోజులే గడువు. ఆ 14 రోజులు ఉత్తరం మీకు అందిన రోజు నుంచి కాదు, దాని మీద వేసిన మెయిలింగ్ తేదీ నుంచి. ఆన్‌లైన్ ఉత్తరాలు ఎంచుకుంటే టీడబ్ల్యూసీ పోర్టల్ ఇన్‌బాక్స్ రోజూ తెరిచి చూడండి. అప్పీలు నడుస్తున్నన్నాళ్లూ పేమెంట్ రిక్వెస్టులు మాత్రం ఆపొద్దు. గెలిచినా, రిక్వెస్ట్ పెట్టని వారాలకి డబ్బు ఇవ్వరు.