డీఎన్ఏ నివేదికను ఎలా చదవాలి?

కేసు కాగితాల్లో డీఎన్ఏ నివేదిక కనబడగానే చాలామంది చివరి పేజీలోని అభిప్రాయం చదివి పక్కన పెట్టేస్తారు. ముందుగా చూడవలసింది అంకెల పట్టిక. దాని ఎడమ వరుసలో డీ8ఎస్1179, టీహెచ్01 వంటి పేర్లుంటాయి. ఇవి క్రోమోజోములపై నిర్దిష్టమైన చోట్లు. అక్కడ డీఎన్ఏలోని కొద్ది అక్షరాల ముక్క ఒకటి వరసగా ఎన్నిసార్లు వచ్చిందో పక్కనున్న అంకె చెబుతుంది. ఒక క్రోమోజోము తల్లి నుంచి, దాని జత తండ్రి నుంచి వస్తాయి కాబట్టి ప్రతి చోటా రెండు అంకెలుండాలి. ఇద్దరి నుంచీ ఒకే అంకె వస్తే ఒక్కటే కనిపించవచ్చు, అది లోపం కాదు. ఎత్తునో, కళ్ల రంగునో నిర్ణయించే జన్యువుల కోసం ఈ చోట్లను ఎంచుకోలేదు కనుక, పట్టిక చూసి మనిషి రూపురేఖలు ఊహించబోవడం వృథా.

పితృత్వ వివాదంలో లెక్క ఇలా సాగుతుంది. ఒక చోట బిడ్డకు 13, 15 ఉండి, తల్లికి 13, 14 ఉంటే, ఆ 15 తండ్రి నుంచే రావాలి. తండ్రిగా చెబుతున్న వ్యక్తికి అక్కడ 15 లేకపోయినా, ఆ ఒక్క తేడాతోనే అతన్ని కాదనకూడదు, ఎందుకంటే తరం మారేటప్పుడు అరుదుగా ఉత్పరివర్తన, అంటే డీఎన్ఏలో మార్పు, జరుగుతుంది. ఇలాంటి తేడాలు చాలా చోట్ల కనిపిస్తేనే కాదని తేలుస్తారు.

నేరస్థలంలో దొరికిన మరక విషయంలో ఈ సడలింపు లేదు. ఒకే మనిషిదైతే ఫలితం వచ్చిన ప్రతి చోటా అంకెలు కలవాలి. అనేక చోట్ల మూడు, నాలుగు అంకెలు కనబడితే అది ఒకరికంటే ఎక్కువమంది కణాల మిశ్రమం. అక్కడ నిపుణుడి అభిప్రాయానికి కారణాలు అడగాలి. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోము మాత్రమే పరీక్షిస్తే ముద్దాయితో పాటు అతని తండ్రి, సోదరులు, బాబాయిలు కూడా సరిపోతారు. నివేదికలో కనిపించే 'వంద కోట్లలో ఒకరు' అన్న మాటకు అర్థం, రక్తసంబంధం లేని ఒక వ్యక్తికి ఆ అంకెలు యాదృచ్ఛికంగా కలిసే అవకాశమే తప్ప, ముద్దాయి నిర్దోషి అయ్యే అవకాశం కాదు. వాదనల్లో ఈ రెంటినీ కలిపేయడం తరచూ జరుగుతుంది. పైగా కణం ఎవరిదో తెలిసినా, అది అక్కడికి ఎప్పుడు, ఎలా చేరిందో పట్టిక చెప్పదు. డీఎన్ఏ పరీక్షను 1986లో ఇంగ్లండులోని లీస్టర్‌షైర్ హత్యల దర్యాప్తులో వాడినప్పుడు, అది మొదట చేసిన పని నేరం ఒప్పుకున్న ఒక కుర్రాణ్ణి నిర్దోషిగా తేల్చడం.

అన్నిటికన్నా ఎక్కువ సమయం వెచ్చించవలసింది మాత్రం తేదీల మీద. ఢిల్లీ ఛావ్లా అత్యాచారం, హత్య కేసులో 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో స్వాధీనం చేసుకున్న వస్తువులు ఫిబ్రవరి 27న గానీ ప్రయోగశాలకు వెళ్లలేదు. అంతవరకు పోలీస్ స్టేషన్ మాల్ఖానాలోనే (స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గదిలోనే) ఉన్నాయి. ఈ జాప్యాన్ని ఎత్తిచూపుతూ, డీఎన్ఏ ఫలితాలకు ఆధారమేమిటో కింది కోర్టులు పరిశీలించలేదంటూ, 2022 నవంబరులో సుప్రీంకోర్టు ముగ్గురు ముద్దాయిలను విడుదల చేసింది. 2025లో అదే కోర్టు, నమూనాలు సేకరించిన 48 గంటల్లో ప్రయోగశాలకు చేరాలనీ, అవి ఎవరి చేతుల మీదుగా వెళ్లాయో రిజిస్టరు నడపాలనీ నిర్దేశించింది. కాబట్టి పంచనామాలోని తేదీని, సీలు గుర్తును, ప్రయోగశాల అందుకున్న తేదీతో, అక్కడ నమోదైన సీలు స్థితితో పోల్చండి. తేడా ఉంటే ఆ రిజిస్టరును, పట్టికకు మూలమైన గ్రాఫులను తెప్పించమని కోర్టులో పిటిషన్ వేయించండి.